కట్ట మీది నడక

జనవరి చలి. పొద్దున ఐదున్నర. జగిత్యాల పాత ఊళ్లో తలుపులింకా తెరుచుకోలేదు. మఫ్లర్ చెవుల మీదికి లాక్కుని ఖిల్లా కందకం పక్క నుంచి నడక మొదలుపెడతారు మీరు. నాలుగడుగులు వేసేసరికి గోడ మీ నుంచి దూరం జరుగుతుంది. మరికాస్త ముందుకు పోతే మొనదేలి మీ మీదికే వస్తుంది. నక్షత్రం ఆకారంలో కట్టిన కోట ఇది, 1747 నాటిది. శత్రువు ఏ గోడ కింద నక్కినా పక్క మొన మీది నుంచి కనబడిపోవాలని ఇలా కడతారు. జాక్, టాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్ల పేర్లు కలిసే జగిత్యాల అయిందని ఊళ్లో చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, చీకట్లో ఈ రాతి మొనల వెంట నడుస్తుంటే నమ్మాలనే అనిపిస్తుంది.

చాయ్ బండి దగ్గర గొంగడి కప్పుకున్న పెద్దాయన మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు.

“ఏం కొడుకా, షుగరొచ్చిందా?”

“లేదు కాకా, ఊకెనే.”

“ఊకె ఎవడన్న నడుస్తడా!”

ఆయన నవ్వులో వెటకారం లేదు, లెక్క ఉంది. ఆయన తరం నడకకు ఎప్పుడూ ఒక కారణం ఉండేది. పొలం, సంత, మొక్కు. 1978 సెప్టెంబరు 7న దొరల పెత్తనం మీద జైత్రయాత్రకు ఈ ఊరికి తరలివచ్చిన రైతుకూలీలకు ఇంకా పెద్ద కారణం ఉంది. హనుమాన్ జయంతి దగ్గర పడితే కాషాయం కట్టిన దీక్షాపరులు ఇప్పటికీ ఈ రోడ్లమీదుగానే కొండగట్టుకు కాలినడకన పోతారు. వాళ్లను షుగరొచ్చిందా అని ఎవరూ అడగరు.

మోతె చెరువు కట్ట ఎక్కేసరికి తూర్పు తెల్లబడుతుంది. నీటి మీద పొగమంచు అడుగెత్తున లేచి నిలబడింది. దానిలోంచి ఒక కొంగ, కాళ్లు కనబడకుండా, మెడ మాత్రం చాచి చూస్తోంది. చెరువుల పూడిక తీయడానికి 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలయ్యాక పట్టణాల పక్కనున్న చెరువులకు మినీ ట్యాంక్‌బండ్ హంగులొచ్చాయి. అయితే నడిచేవాళ్లకు అసలు సుఖం కట్టలోనే ఉంది. నీటిని ఆపాలని మట్టిని పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టి ఎత్తు చేస్తారు. అడుగు కింద గట్టిగానే ఉంటుంది, మోకాలికి మాత్రం సిమెంటు రోడ్డులా ఎదురు తన్నదు. పక్కన హారన్ ఉండదు. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు పచ్చటి ఆయకట్టు. ట్రాక్ అని ఎవరూ పేరు పెట్టలేదంతే.

ఎండ పొడిచాక పాతిక కిలోమీటర్ల దూరంలోని కోరుట్లకు బస్సెక్కుతారు. అక్కడ బావ సైకిల్ సిద్ధంగా ఉంది. “బ్రేకు ఎనుకదే పడ్తది, సూసుకో,” అని తాళం చేతికిస్తాడు. వాడకట్టు దాటుతుంటే అరుగుల మీద ఆడవాళ్లు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, వేళ్లు చూడకుండానే బీడీ చుట్టేస్తున్నాయి. పొద్దుగూకేదాకా ఆ కూర్చున్న కూర్చోవడమే. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కాస్త అలిసేలా నడకలాంటిది చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే రోజుకు ఇరవై నిమిషాల పైచిలుకు. ఈ అరుగుల మీద ఆ ఇరవై నిమిషాలంటే ఎన్ని బీడీలో ముందు లెక్కకొస్తుంది.

కాకతీయ కాలువ కట్ట ఎక్కగానే సైకిల్ తేలికవుతుంది. గాలి వాలా అనుకుంటారు. కాదు. మోటార్లు లేకుండా నీరు దానంతటదే పారాలని కాలువకు కనీకనబడని వాలు పెట్టారు. నీటికి ఎత్తు ఎక్కడం తెలియదు. దాని వెంటే పోయే కట్టకూ, కట్ట మీద పోయే సైకిలుకూ తెలియదు. నెహ్రూ 1963 జులై 26న శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ దగ్గర బయల్దేరి, దిగువ మానేరు చేరేసరికి ఈ కాలువ 146 కిలోమీటర్లు నడుస్తుంది. మీరు దానికి తోడుగా వచ్చేది ఎనిమిదే.

యాసంగికి నీళ్లొచ్చాయి. తూము దగ్గర హోరు. దిగువన నాట్లేసేవాళ్లు ఒంగిన నడుములు ఎత్తకుండానే ఏదో మాటకు నవ్వుకుంటున్నారు. ఆకు కోసిన పసుపు మడి మొండిగా ఉంది. దాని అవతల మామిడి తోట పూతకొచ్చి, వగరూ తీపీ కలిసిన వాసన ముక్కుకు తగులుతోంది. ముఖం కడుక్కుందామని కాలువ వైపు ఒక్కడుగు వేస్తారో లేదో, గేదెల్ని తోలుకొస్తున్న ఆమె గట్టిగా అరుస్తుంది: “ఓ తమ్మీ, దిగకు! పాకురుంటది, జారితే దొరకవ్!” సిమెంటు వాలు నున్నగా మెరుస్తోంది. వెనక్కి తగ్గి, సీసాలో నీళ్లతోనే సరిపెట్టుకుంటారు. కట్ట నడిచేవాళ్లది. కాలువ నీళ్లది.

సాయంత్రానికి సిరిసిల్ల. బస్సు దిగుతుండగానే ఊరి చప్పుడు అరికాళ్లకు తెలుస్తుంది. టకటక, టకటక, గోడల వెనక సాంచాలు, అంటే మరమగ్గాలు. మానేరు మీద తంగళ్లపల్లి వంతెన వైపు నడుస్తున్నకొద్దీ ఆ చప్పుడు పలచబడి, గాలి చిక్కబడుతుంది. వంతెన పిట్టగోడ వెంట జనం. రిటైరైన మాస్టార్లు చేతులు ఊపుకుంటూ, కొత్త బూట్ల కుర్రాళ్లు ఫోన్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ పోతున్నారు. కింద నది, దానిలో పొద్దు.

ఒకాయన గోడకానుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా మీద నూలు పోగులు, కనుబొమల మీద తెల్లటి నుసి.

“నడకకొచ్చిండ్రా అన్నా?” అడుగుతారు మీరు.

“నడకనా? పొద్దటి సంది నడుస్తనే ఉన్న.”

సాంచా నుంచి సాంచాకు, తెగిన పోగు ముడేయడానికి, అయిపోయిన కండె మార్చడానికి, పన్నెండు గంటలు ఆ సందులోనే ముందుకూ వెనక్కూ. లెక్కిస్తే ఆ కుర్రాళ్ల ఫోన్లు ఓడిపోతాయి.

“మరి ఇంకా ఇక్కడిదాక?”

ఆయన కనుబొమలు తుడుచుకుని అవతలి ఒడ్డు వైపు చూస్తాడు.

“ఆడ సాంచాలు నన్ను నడిపిస్తయన్నా. గీడనే నేను నడిసేది.”

అని గోడ వదిలి తంగళ్లపల్లి వైపు కదులుతాడు. మీరూ ఆయన పక్కనే అడుగేస్తారు, ఊకెనే.