మైకు అందుకునేలోపు

అక్టోబర్ 12, మధ్యాహ్నం. ఓయూ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద, ఒళ్లో చట్టం ప్రింటవుటు పెట్టుకుని కూర్చున్నావు. సమాచార హక్కు చట్టం 2005లో ఇదే రోజున అమల్లోకొచ్చింది. సాయంత్రం ఆరింటికి బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సభ. మాట్లాడేది సమాచార కమిషనర్‌గా చేసి రిటైరైన పెద్దాయన. జర్నలిజం విద్యార్థుల ల్యాబ్ జర్నల్‌కి వార్త నీది. రాత్రి తొమ్మిదికల్లా కాపీ ఇవ్వాలి.

పెన్సిల్‌తో గీతలు పెడుతున్నావు. అర్జీకి పది రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిందైతే 48 గంటలే. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున, 25,000 దాకా జరిమానా: సెక్షన్ 20. ఇవి వార్తలో వేయడానికి కాదు. ఆయన వీటినే అరగంట చెబితే పెన్ను దించి హాయిగా వినడానికి.

నోట్‌బుక్‌లో తర్వాతి పేజీ అసలు సరుకు. యూట్యూబ్‌లో ఆయన పాత ఉపన్యాసాలు విని రాసుకున్నావు. ముసలమ్మ, రేషన్ కార్డు కథ ప్రతిచోటా ఉంది. ఇవాళా చెబుతారు, చప్పట్లు పడతాయి. ఆయన ఎక్కడా ముట్టుకోనిది 2019 సవరణ. కమిషనర్ల పదవీకాలం ఐదేళ్లని అంతకుముందు చట్టంలోనే ఉండేది. దాన్ని తీసి కేంద్రం చేతిలో పెట్టారు, ఆ ఏడాది నిబంధనల్లో మూడేళ్లయింది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి దీని గురించి ఏమంటారు? మార్జిన్‌లో ప్రశ్న రాసి చుట్టూ గుండ్రంగా గీశావు.

బస్సు అడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కేసరికి ఫోన్‌లో ఇంట్రో కొట్టేస్తున్నావు. కొట్టు, సీనియర్లూ అదే చేస్తారు. చెరిపేయడానికి మనసు రావాలి, అంతే.

ఐదుంబావుకి హాలు ఖాళీ. వరసకెన్ని కుర్చీలో, ఎన్ని వరసలో లెక్కపెట్టు. ‘కిక్కిరిసిన సభ’ అని రాయాలంటే ముందు ఖాళీ తెలియాలి. రెండో వరసలో నడవ పక్క సీటు మీద బ్యాగు పడేయి. అక్కణ్నుంచి వక్త మొహమూ కనిపిస్తుంది, తల తిప్పితే జనమూ కనిపిస్తారు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రికార్డింగ్ ఒకసారి పరీక్షించు.

నిర్వాహకుడు వచ్చి కాగితం చేతిలో పెట్టాడు. “ప్రెస్ నోట్ అమ్మా. ఫొటో వాట్సాప్ చేస్తాం. చివరిదాకా కూర్చోనక్కర్లేదు.”

చదువుతున్నావు. ‘ప్రజలు చట్టాన్ని ఆయుధంగా మలచుకోవాలని ఆయన పిలుపునిచ్చారు. సభికులు హర్షధ్వానాలు చేశారు.’ సభికులు ఇంకా ఇళ్లలోనే ఉన్నారు. నోట్ పారేయకు. వేదిక మీదివాళ్ల ఇంటిపేర్లు, హోదాలు దీంట్లో ఉన్నాయి. అవీ ఒక్కొక్కటే నిర్వాహకుణ్ని అడిగి సరిచూసుకో, ఇనీషియల్ తప్పుపోతే రేపు ఫోన్ నీకే వస్తుంది.

ఆరుకి పది నిమిషాలు. పెద్దాయన వరండాలో టీ తాగుతున్నారు.

“నమస్తే సార్. 2019 సవరణ గురించి ఇవాళ మాట్లాడతారా?”

“ఏ పేపరమ్మా?”

“స్టూడెంట్‌ని సార్. ల్యాబ్ జర్నల్.”

కప్పు పక్కన పెట్టారు. “రాసిచ్చినదాంట్లో లేదది. చివర్లో చెప్తా, వెళ్లిపోకు.”

బస్సులో కొట్టిన ఇంట్రో చెరిపేశావు. రికార్డర్ ఆన్ చేసి, పేజీ పైన 6:10 అని రాశావు. ఇద్దరు రిపోర్టర్లు నోట్ మడిచి జేబులో పెట్టుకుని, వేదికను ఒక ఫొటో తీసి, అప్పుడే బండి తాళాలు వెతుక్కుంటున్నారు.