అక్షరమే కవచము

చీనా లిపిలో 'జియా' అనే అక్షరము ఒకటి కలదు. కవచమని దాని అర్థము. తాబేటి డిప్పకు, చేతి గోటికి కూడ అదే అక్షరము. లోపలి మెత్తని ప్రాణమును బయటి గట్టి పెంకు కాపాడుతుందనే భావము వీటన్నిటిలోను కనిపిస్తుంది. మూడువేల యేండ్లకు పూర్వము అక్కడి రాజులు తాబేటి డిప్పలమీద, పశువుల ఎముకలమీద దైవప్రశ్నలు చెక్కించేవారు. చీనా వ్రాతలలో అతి ప్రాచీనములుగా పేరొందినవి అవే.

మనకును కవచమంటే యోధుడు తొడుగుకొనేది మాత్రమే కాదు. రక్షణ కోరి పఠించే స్తోత్రమును కూడ కవచమనే అంటాము. తాయెత్తులో మడిచి పెట్టేది కూడ అక్షరములు వ్రాసిన రేకే. అక్షరము కాపాడుతుందనే ఈ నమ్మకము ఒక జాతి చరిత్రలో ఎట్లు రూపు దాల్చినదో మన తూర్పు కనుమలలోనే చూడవచ్చును.

అరకు లోయకు ఈశాన్యముగా, గుణుపురము, పర్లాకిమిడి ప్రాంతముల కొండలలో సవరలు నివసిస్తున్నారు. వారి భాషకు చిరకాలము లిపి లేదు. అప్పుపత్రమైనా, భూమి దస్తావేజైనా పరుల లిపిలోనే ఉండేది. అందులో ఏమున్నదో చదువనేరని వానికి వ్రేలిముద్రయే గతి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ కొరతను గుర్తించారు. సవర భాష నేర్చి, తెలుగు లిపిలో వాచకములు వ్రాసి, సొంత ధనముతో బడులు నడిపారు. 1931లో వారి సవర వ్యాకరణ గ్రంథము వెలువడినది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనది. సవరసీమ రెండు రాష్ట్రముల పాలైనది. ఆ యేడే జూన్ 18న మంగై గొమాంగో అనే సవర పెద్దకు 24 అక్షరములు దర్శనమైనవని వారి విశ్వాసము. ఆ లిపి పేరు 'సొరంగ్ సొంపెంగ్'. ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క దేవత అధిష్ఠాత్రి. దానిని అక్షరబ్రహ్మగా పూజించేవారున్నారు. కంప్యూటరులలో ప్రపంచ లిపులకు స్థానము కల్పించే యూనికోడ్ పట్టికలో 2012లో ఈ లిపియు చేరినది.

సవరలందరు ఈ లిపిని వాడరు. తెలుగు, ఒరియా, రోమన్ లిపులలోను వారి భాషను వ్రాస్తున్నారు. ఏ లిపి మేలన్నది తేల్చవలసినవారు సవరలే. మనము గ్రహించవలసినది ఒక్కటి కలదు. తాబేటికి డిప్ప ఎవరో తొడిగినది కాదు. దాని ఒంటినుండియే పెరిగినది. లిపి ఏదైనను, తన భాష తన బిడ్డ బడిలో వినిపించిననాడే సవరకు అక్షరము కవచమవుతుంది.