జెనీవా కంటే ముందొచ్చిన రఫ్తార్

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. తొలి హైస్పీడ్ మోడెమ్‌లు నిజంగా అంతర్జాతీయ ప్రమాణానికి లోబడినవేనా అన్న సవాల్‌కి జవాబు తేదీల్లోనే ఉంది.

పాత సామాను గురించి ఇప్పుడెందుకీ బహస్ అనకండి. మా పెనుబల్లి లాంటి మండల కేంద్రాల నుంచి విలేకరి రాసిన కాగితాలు ఒకప్పుడు కవర్లో ఆర్టీసీ బస్సెక్కి పోయేవి. తర్వాత ఫ్యాక్స్, ఆ తర్వాత మోడెమ్. డబ్బా మీది అంకె నిజం కాకపోతే ఆ తేడా ఫోన్ బిల్లులో కట్టేది గరీబు విలేకరే.

ఫోన్ తీగ మీద రెండు మోడెమ్‌లు ఏ జుబాన్‌లో మాట్లాడుకోవాలో రాసిపెట్టేది జెనీవాలోని సీసీఐటీటీ. 1993లో అది ఐటీయూ-టీ అయింది. 1984లో వి.32 వచ్చింది, సెకనుకు 9,600 బిట్లు. 1991లో వి.32 బిస్, 14,400 బిట్లు. బిస్ అంటే రెండో కూర్పు, టెర్ అంటే మూడోది. ఇక్కడే మొదటి చాలాకీ. ఏటీ అండ్ టీ తన సొంత 19,200 బిట్ల పద్ధతికి 'వి.32 టెర్బో' అని పేరు పెట్టింది. వింటే జెనీవా నుంచి దిగినట్టే ఉంటుంది. జెనీవా మాత్రం దాన్ని ప్రమాణంగా ఒప్పుకోలేదు.

ఆ తర్వాతి మెట్టు 28,800. దాని మీద జెనీవాలో ఫైసలా కాకముందే రాక్‌వెల్ కంపెనీ 'వి.ఫాస్ట్ క్లాస్' చిప్‌లు బజారుకి తెచ్చింది. అస్లీ ప్రమాణం వి.34 ఖరారైంది 1994లో. రెండింటి రఫ్తార్ ఒకటే, పలకరింపు వేరు. అవతల వి.34 మాత్రమే తెలిసిన మోడెమ్ ఉంటే ఇవతలిది మెట్లు దిగి, ఇద్దరికీ తెలిసిన పాత జుబాన్‌లో మాట్లాడాల్సిందే. వాటిని నకిలీ అనను, పనిచేశాయి. ప్రమాణం అని చెప్పుకునే హక్కు మాత్రం వాటికి లేదు.

ఇంకో హిసాబ్ కూడా చూడండి. 14,400 మోడెమ్ డబ్బా మీద 57,600 అని అచ్చేసేవారు. వి.42 బిస్ పద్ధతిలో అక్షరాలను నాలుగో వంతుకి కుదించొచ్చన్న లెక్క అది. రాత కొంత కుదురుతుంది. జేపెగ్ ఫోటో ముందే కుదించిన సరుకు, మళ్లీ ఏం కుదురుతుంది? లక్ష బైట్ల ఫోటోకి 14,400 మీద 55 సెకన్లకు తగ్గదు. కంప్యూటర్ తెర మీద '115200 కనెక్ట్' అని వస్తే ఖుషీ అయిపోయేవాళ్లుండేవారు. చాలాసార్లు అది కంప్యూటర్‌కీ పక్కనున్న మోడెమ్‌కీ మధ్య వేగం. తీగ సంగతి వేరు.

తీగ దగ్గర మోడెమ్‌కీ ఇన్సాఫ్ చేయాలి. 1994 నాటి వి.34లో 2,400 నుంచి 28,800 దాకా మెట్లున్నాయి. దూరపు తీగ మీద గరగర ఎక్కువైతే కింది మెట్టు మీద ఆగడం తప్పు కాదు, ప్రమాణం చెప్పిందే అది. పల్లె లైన్ మీద 14,400కే ఆగిన వి.34 మోడెమ్ ప్రమాణానికి కట్టుబడ్డదే. పూర్తి అంకె దక్కుతుందని ప్రమాణం ఎవరికీ హామీ ఇవ్వలేదు, ఆ హామీ దుకాణాలది.

మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ తెరిచింది, పెద్ద నగరాలతో మొదలుపెట్టి. ఊళ్ల వంతు వచ్చేసరికి 56కే జమానా. అక్కడా అదే కథ: 1997లో ఎక్స్2, కే56ఫ్లెక్స్ అని రెండు పోటీ పద్ధతులు, 1998లో గానీ వి.90 ప్రమాణం రాలేదు. దానికో షర్తు కూడా ఉంది. సర్వర్ నుంచి మన ఎక్స్ఛేంజ్ దాకా దారంతా డిజిటల్ కావాలి. మధ్యలో ఒక్క చోట అనలాగ్ తగిలినా మళ్లీ వి.34కే.

అన్నీ కుదిరినా 56 వేలు దిగుమతికే. వి.90లో ఎగుమతి హద్దు 33,600. విలేకరి పని పంపడం.