జైసల్మేరు మరుభూమి

ఎడారి యనగానే మనకు ఇసుకతిన్నెలు స్ఫురించును. జైసల్మేరు చూడబోయిన వారిలో పెక్కురు సామ్ గ్రామము కడ ఒంటెనెక్కి, సూర్యాస్తమయము చూచి, అంతటితో తిరిగివత్తురు. కాని జైసల్మేరు, బాడ్మేరు జిల్లాలలో 3,162 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన ఎడారి జాతీయోద్యానమున తిన్నెలు కొంతభాగమే. తక్కినది రాతినేల, గడ్డిబీడు, ఉప్పుపఱ్ఱ. 1980లో ఏర్పరచిన ఈ రక్షితప్రదేశములో నేటికిని పల్లెలున్నవి, మందలున్నవి. దీనిని నిర్జనమనుటకు మాకు నోరాడదు.

రావల్ జైసల్ 1156లో నెలకొల్పిన ఈ పట్టణపు సీమలో ఏడాది మొత్తముమీద సగటున 200 మిల్లీమీటర్ల వాన కూడ కురియదు. అయినను పాలీవాల్ బ్రాహ్మణులిచట గోధుమ పండించిరి. వారి పద్ధతి పేరు ఖడీన్. రాతిమిట్టలపై పడిన వాన పల్లమునకు జారును గదా. ఆ పల్లమునకు అడ్డముగా మట్టికట్ట వేసి నీటిని నిలుపుదురు. మన రాయలసీమ చెరువుకట్ట వంటిదే. అయితే మనము చెరువునీటిని తూముల ద్వారా దిగువపొలములకు విడుతుము. వారు నీటిని నేల త్రాగనిచ్చి, చెరువుగర్భములోనే గోధుమ, శనగ చల్లుదురు. ఆ చెమ్మతోనే చలికాలపు పంట పండును. వేఱు తడి యక్కఱలేదు.

పట్టణమునకు సుమారు 18 కిలోమీటర్ల దూరమునగల కులధర వారి గ్రామమే. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున అది పాడుపడెను. దివాను సాలింసింగు దురాగతమునకు వెఱచి, ఊరివారెల్లరు శాపము పెట్టి ఒక్కరాత్రిలో వెడలిరని చెప్పుదురు. వినుటకు రసవత్తరమే. నీరు తగ్గుట, శిస్తు పెరుగుట మాకు అంతకంటె నమ్మదగిన కారణములుగా తోచును. శాపము నిలిచి, కట్టలు కట్టిన నేర్పు మఱుగుపడుట విచారకరము.

ఎడారిని వట్టి బయలుగా ఎంచు అలవాటు నేడు బట్టమేకపిట్టకు ముప్పైనది. కర్నూలు సీమవారికి ఈ పక్షి క్రొత్తది కాదు. 1988లో రోళ్లపాడు అభయారణ్యము ముఖ్యముగా దీనికొఱకే వెలసెను. దేశమంతటను ఇప్పుడు 150కి మించి లేవని అంచనా; వానిలో అధికభాగము జైసల్మేరు ప్రాంతముననే కలవు. ఏటికి సాధారణముగా ఒకే గ్రుడ్డును నేలపై పెట్టును. బరువైన పక్షి, ఎదుటి వస్తువును చక్కగా కనలేదు. గాలిమరలకు, సౌరవిద్యుత్ కేంద్రములకు సంబంధించిన తీగలను తాకి కూలుచున్నది. ఆ తీగలను భూమిలో వేయుడని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించి, 2024లో ఆ యాజ్ఞను సడలించి, నిపుణుల సంఘమును నియమించెను. 2019లో సామ్ వద్ద గ్రుడ్లను పొదిగించి పిల్లలను పెంచు కేంద్రము వెలసినది. ఆ పిల్లలు పెరిగి ఎగురవలసినది మరల ఈ బయళ్లపైననే. చలికాలపు ఉదయమున సుదాసరి కంచెల కడ ఓపికతో నిలిచినవారికి వాని పెద్దలు ఇంకను అప్పుడప్పుడు కనబడును.