కావలి మూగవోయినపుడు



జ్వరమును మనము శత్రువుగా నెంచుదుము. నిజమున కది కావలివాని కేక. శరీరమున సూక్ష్మజీవులు చొరబడినవని అది తెలుపును. అన్యుల మూత్రపిండమును పొందిన రోగులలో ఆ కేక ఒక్కొక్కప్పుడు వినబడదు. అట్టివారిలో దాగిన రోగమును వైద్యులు చూడనేర్చిన చరిత్రమే నేటి విషయము.

1954 డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టనునందు జోసెఫ్ మర్రే అను శస్త్రవైద్యుడు కవలలలో నొకని మూత్రపిండమును రెండవవాని కమర్చి కృతకృత్యుడయ్యెను. వారు ఏకరూపకవలలగుటచే శరీరము దానిని త్రోసివేయలేదు. ఇతరుల యవయవము నిలువవలెనన్న రక్షణశక్తిని మందులచే నణచక తప్పదు. 1962లో ఆయనయే అట్టి మందుతో జయము గాంచెను. కాని కావలివాని నోరు నొక్కిన యింట దొంగకు వెరపేమి? క్షయ, బూజుజాతి రోగములు చప్పుడు లేక పెరుగజొచ్చెను.

లోపల చూచుటకు తొలి సాధనము ఎక్సురే. భీమవరమున యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిన 1895వ సంవత్సరముననే జర్మనీలో రంట్జెన్ దానిని కనుగొనెను. 1971లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మూత్రపిండము మార్చు చికిత్స సఫలమయ్యెను. ఆ యేడే ఇంగ్లండున హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సీటీ యంత్రము తొలిసారి రోగి తలను పొరలుపొరలుగా చూపెను.

ఇవి ఆకారమును చూపునవి. మన కాలువగట్టు పైకి గట్టిగానే కనబడును. లోపల ఎండ్రకాయ బొరియలో నీరు ఊరుచుండును. ఆ యూటను పట్టునది పెట్ స్కాను. ఫ్లోరిన్-18 అను కిరణధాతువును చక్కెరవంటి పదార్థమునకు జతచేసి నరమున నెక్కింతురు. ఆ ధాతువు 110 నిమిషములకు సగమగును. సూక్ష్మజీవులతో పోరాడు కణములు చక్కెరను మిక్కిలిగా గ్రహించును గనుక, పోరుసాగుచోటు చిత్రమున వెలుగును. 1976లో అమెరికాలో ఈ పదార్థమును తొలుత మనుష్యులకిచ్చిరి. సీటీకై యెక్కించు కొన్ని రంగుమందులవలె ఇది మూత్రపిండమునకు భారము కాదు.

అయినను దీనికిని హద్దు కలదు. పుట్టకురుపు, మానుచున్న గాయము కూడ వెలుగును. ఆ పదార్థము మూత్రముతో వెలువడుటచే మూత్రపిండము, మూత్రాశయము సహజముగనే ప్రకాశించును. అచట దాగిన రోగమును గుర్తించుట కష్టము. కావున వెలిగినచోటినుండి సూదితో కణములు తీసి పరీక్షించినగాని నిశ్చయము కాదు.

గుడివాడ, బందరు, దివిసీమ గ్రామముల పెద్దలకు నా మనవి యొక్కటే. మూత్రపిండము మార్పించుకొన్నవాడు మీ యింట నున్నచో, కొలది వెచ్చదనమునైనను, కారణము తెలియని నీరసమునైనను, బరువు తగ్గుటనైనను ఉపేక్షింపకుడు. జ్వరము లేదుగదాయని ధైర్యపడవలదు. మందులు స్వయముగా మానక, చికిత్సచేసిన వైద్యుని కడకు వెంటనే పంపుడు. కావలి మూగవోయిన యింటికి ఇరుగుపొరుగులే కన్నులు.