ఆన్‌లైన్ పటాలపై దూరాల గణన: నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలు

గూగుల్ మ్యాప్స్, ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్ వంటి ఆన్‌లైన్ పటాలలోని కొలత సాధనం రెండు స్థలాల నడుమ సరళరేఖ దూరాన్ని తెలుపుతుంది. రహదారి దూరం ఇందుకు భిన్నమైనది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల నడుమ సరళరేఖ దూరం సుమారు 140 కిలోమీటర్లు కాగా, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా రహదారి దూరం అంతకు మించి ఉంటుంది.

ఈ భేదం పాఠశాలల విషయంలో కీలకమైనది. 2010 నాటి కేంద్ర విద్యాహక్కు నిబంధనల మేరకు 1 నుంచి 5 తరగతుల బాలలకు 1 కిలోమీటరు, 6 నుంచి 8 తరగతుల వారికి 3 కిలోమీటర్ల నడక దూరంలో పాఠశాల ఉండవలెను. వాగు లేదా గుట్ట అడ్డుగా ఉన్నచోట పటంపై కిలోమీటరులోపు కనిపించే పాఠశాల బాలలకు నడకలో దూరం కావచ్చును. కావున నివేదికలలోను, వార్తలలోను ఏ దూరమో స్పష్టముగా పేర్కొనుట అవసరము.