పాత కారుకి కమాన్లు, షాక్ అబ్జార్బర్లు: కొనే ముందు ఏం చూడాలి, ఎలా లెక్క వేసుకోవాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ 42వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి. నున్నటి తారు రోడ్డు, ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకర్లు, పక్క పల్లెకు తిరిగితే గుంతలు, హార్స్‌లీ హిల్స్ ఎక్కితే మలుపులు. మీ ఇంట్లో తాతల నాటి ప్రీమియర్ పద్మిని, అంబాసిడర్ లేదా స్టాండర్డ్ హెరాల్డ్ ఉండి, దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనుకుంటే ఒకే బండి ఇన్ని రకాల దారులకూ సరిపోవాలి. మామూలుగా షెడ్డులో వినిపించే సలహా ఒకటే: ఇంకో పట్టీ వేయించు, గట్టి షాకులు పెట్టించు. చాలాసార్లు ఇది డబ్బు దండగ. కొన్ని బండ్లలో ప్రాణానికే ప్రమాదం.

రెండింటి పని వేరు

స్ప్రింగ్ పని బరువు మోయడం. షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. గుంతలో పడి లేచిన స్ప్రింగ్ ఊగుతూనే ఉండకుండా ఆపడమే దాని పని. కాబట్టి స్ప్రింగ్‌ని బండి బరువు చూసి ఎంచుకోవాలి, షాక్‌ని ఆ స్ప్రింగ్ చూసి ఎంచుకోవాలి. షాక్ పోయి బండి ఎగురుతుంటే దానికి మందుగా పట్టీ వేయించేస్తారు. అప్పుడు ఊగుడు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే గట్టిపడిన స్ప్రింగ్‌ని ఆపే బలం ఆ పాత షాక్‌కి అసలే ఉండదు.

ఇంకో అపోహ కూడా ఉంది. వెనక కిందికి కూర్చుండిపోయిన బండిని చూసి కమాన్ మెత్తబడిందంటారు. కమాన్ అంటే మన ఉర్దూలో విల్లు. ఏళ్ల తరబడి బరువు మోస్తే ఆ విల్లు వంపు తగ్గుతుంది, అంటే ఎత్తు పోతుంది. ఉక్కు గట్టిదనం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. అలాంటి దానికి కావలసింది వంపు సరిచేయడం, అదనపు పట్టీ కాదు. వంపు కొట్టించేటప్పుడు చల్లగా సుత్తితో కొడితే కొన్నాళ్లకే మళ్లీ కూర్చుంటుంది. ఉక్కుని సరిగ్గా వేడి చేసి, నూనెలో చల్లార్చి, మళ్లీ పదును సర్దే చోటే చేయించండి.

ఏ బండిలో ఏముంది

పద్మిని: ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. బండి తేలిక, అందుకే స్ప్రింగ్ కొంచెం మార్చినా తేడా వెంటనే తెలుస్తుంది.

అంబాసిడర్: ముందు మెలి తిరిగే కడ్డీ, అంటే టార్షన్ బార్. వెనక కమాన్ కట్టలు. పాత మోడళ్లలో లీవర్ రకం నూనె షాకులు ఉండేవి, తర్వాత గొట్టం రకం వచ్చాయి. వాడిన టార్షన్ బార్ ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేయకూడదు. అది ఒక వైపు మెలికకే అలవాటు పడి ఉంటుంది.

స్టాండర్డ్ హెరాల్డ్: 1961 నుంచి మద్రాసులో తయారైంది. ఇంగ్లాండులో ట్రయంఫ్ కంపెనీ ఇదే హెరాల్డ్ ఛాసిస్‌ని పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చింది. అంటే మన హెరాల్డ్ కింది భాగం ఒక క్లాసిక్ స్పోర్ట్స్ కారుకి సొంత అన్న లాంటిది. మంచి సంగతే, కానీ దీని వెనక భాగం జాగ్రత్తగా చూసుకోవాలి.

హెరాల్డ్ వెనక ఎత్తు పెంచొద్దు

పద్మిని, అంబాసిడర్లలో వెనక ఇరుసు ఒకే ముక్క. హెరాల్డ్‌లో అలా కాదు. డిఫరెన్షియల్ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, దాని నుంచి రెండు ఇరుసు కడ్డీలు పక్షి రెక్కల్లా పైకీ కిందికీ ఆడతాయి. పైన అడ్డంగా ఒకే ఒక కమాన్ కట్ట ఉంటుంది. చక్రం ఇరుసుతో పాటే వంగుతుంది. మలుపులో వేగంగా పోతూ హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలినా, బ్రేకు తొక్కినా బండి వెనక భాగం పైకి లేస్తుంది. చక్రం కిందికి ముడుచుకుని పట్టు పోతుంది, బండి వెనక్కి తిరిగిపోవచ్చు.

గుంతలకు తగలకూడదని వెనక ఎత్తు పెంచినా, పట్టీ కలిపినా ఈ ప్రమాదం ఎక్కువవుతుంది. హార్స్‌లీ హిల్స్ నుంచి దిగేటప్పుడు ఇలాంటి బండిలో కూర్చోవడం మంచిది కాదు. ట్రయంఫ్ వాళ్లు కూడా 1970లో వచ్చిన స్పిట్‌ఫైర్ నాలుగో మార్కులో కమాన్ కట్టలో కొన్ని పట్టీలు మధ్యలో ఊగేలా మార్చారు, వెనక భాగం మలుపులో అంత బిగుసుకోకుండా. హెరాల్డ్ ఉన్నవాళ్లు కంపెనీ ఇచ్చిన ఎత్తుకే కట్టుబడి, మంచి షాకులు, కొత్త బుష్‌ల మీద ఖర్చు పెట్టడం మేలు.

ఇంటి దగ్గరే వేసుకునే లెక్క

స్ప్రింగ్ ఎంత గట్టిదో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, వెనక చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలవండి. 25 కిలోల బియ్యం బస్తాలు రెండు వెనక సీట్లో, రెండు డిక్కీలో పెట్టండి. బండిని కొంచెం ముందుకీ వెనక్కీ నెట్టి మళ్లీ కొలవండి. 100 కిలోలకు 4 సెంటీమీటర్లు దిగిందనుకుందాం. అప్పుడు రెండు కమాన్లూ కలిపి సెంటీమీటరుకి 25 కిలోలు.

తర్వాత వేబ్రిడ్జి మీద వెనక చక్రాలు మాత్రమే పెట్టి తూకం వేయించండి. 480 కిలోలు వచ్చిందనుకుందాం. ఇరుసు, చక్రాలు, డ్రమ్ముల బరువు స్ప్రింగ్ మీద పడదు కాబట్టి ఓ 80 తీసేయండి. మిగిలింది 400. దాన్ని 25తో భాగిస్తే 16. 16కి వర్గమూలం 4. 300ని 4తో భాగిస్తే 75. అంటే బండి నిమిషానికి 75 సార్లు ఊగే స్వభావంతో ఉంది. 60 నుంచి 90 మధ్య ఉంటే ఇంటిల్లిపాదీ తిరిగే కారుకి సుఖం. 90 నుంచి 120 దాకా స్పోర్ట్స్ కారు తీరు.

ఐదు పట్టీల కట్టకి అదే మందం, అదే పొడవున్న ఆరోది కలిపితే 25 కాస్తా 30 అవుతుంది, ఊగుడు 82 అవుతుంది. ఇంకా గట్టిగా చేసి 36కి తీసుకుపోతే 90. ఇప్పుడు పెళ్లికి పోతూ వెనక 200 కిలోలు ఎక్కిద్దాం. 25 ఉన్న బండి 8 సెంటీమీటర్లు దిగుతుంది, 30 ఉన్నది 6.7, 36 ఉన్నది 5.6. మీ ఇరుసుకీ పైనున్న రబ్బరు దిమ్మెకీ మధ్య ఖాళీ ఎంతో కొలవండి. ఆ ఖాళీ 8 సెంటీమీటర్లే అయితే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే తగులుతుంది, అప్పుడు ఆరో పట్టీ న్యాయమే. ఇద్దరే తిరిగే బండికి అది అనవసరం.

కాయిల్ స్ప్రింగ్ విషయంలో ఇంకా జాగ్రత్త. తీగ మందం 10 శాతం పెరిగితే గట్టిదనం 46 శాతం పెరుగుతుంది. చూడటానికి ఒకేలా ఉందని వేరే బండి స్ప్రింగ్ పెట్టకండి. ఎత్తు తగ్గించడానికి చుట్టు కోయించినా అంతే. ఎనిమిది చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం 14 శాతం పెరుగుతుంది, చివర సరిగ్గా కూర్చోక జారే ప్రమాదం కూడా ఉంది.

షాక్ ఎంచుకోవడం

మడ్‌గార్డ్ మీద గట్టిగా నొక్కి వదలండి. బండి ఒకసారి పైకి లేచి సర్దుకోవాలి. రెండు మూడుసార్లు ఊగినా, గొట్టం మీద నూనె తడి కనిపించినా షాక్ పని అయిపోయినట్టే.

కొత్తది కొనేటప్పుడు మూడు కొలతలు చూడండి: పూర్తిగా ముడిచిన పొడవు, పూర్తిగా సాగిన పొడవు, రెండు చివర్ల బిగింపు రకం. రబ్బరు దిమ్మె తగిలే ముందే షాక్ అడుగుకు తగిలితే అది పగులుతుంది, లేదా బిగించిన చోటు విరుగుతుంది. గట్టిదనం మాటకొస్తే, అదే బరువుకి స్ప్రింగ్ 20 శాతం పెరిగితే షాక్ బలం సుమారు 10 శాతం పెరగాలి. 44 శాతం పెరిగితే 20 శాతం. కాబట్టి ఒక్క పట్టీ కలిపితే మంచి కొత్త మామూలు షాకులే దాదాపు సరిపోతాయి. అంతకు మించితే సర్దుకునే రకం తీసుకోండి. ఎప్పుడూ ఒక ఇరుసుకి రెండూ కలిపే మార్చాలి. గొట్టం షాక్‌ని బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా సాగదీసి ముడవండి, లోపలి గాలి పోతుంది.

కాగితాల సంగతి

15 ఏళ్లు దాటిన సొంత కారుకి ఆర్‌సీ రెన్యువల్ కోసం ఫిట్‌నెస్ తప్పదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారకుండా అసలు రూపంలోనే ఉండాలి. కమాన్ బిగించడానికి ఛాసిస్ మీద వెల్డింగ్ చేయించే ముందు ఇది గుర్తుంచుకోండి.

డబ్బు ఏ వరసలో పెట్టాలి

మొదట బుష్‌లు, షాకిల్ పిన్నులు, యూ బోల్టులు, కట్ట నడిమి బోల్టు, టైర్లలో గాలి. వీటికి ఖర్చు తక్కువ, సగం చప్పుళ్లు ఇక్కడే పోతాయి. రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి. రెండోది షాకులు. మూడోది కమాన్ వంపు. అదనపు పట్టీ అన్నిటికంటే చివర, అదీ పైన చెప్పిన కొలతలు అవసరమని చెబితేనే. సామాను కోసం చెన్నై పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు పోయేవాళ్లు ఈ కొలతలన్నీ కాగితం మీద రాసుకుని, పాత షాక్ ఒకటి చేతిలో పట్టుకుని పోతే రెండోసారి బస్సు చార్జీ మిగులుతుంది.